బొమ్మ ఆగింది

ఏడు వందలు పెడితే నా ముఖం పిండిముద్దలా ఉంది, పన్నెండు వందలు పెడితే ముఖం ముఖంలాగే ఉంది కానీ మెట్ల కింద గదిలో బొమ్మ ఆగిపోతోంది, మధ్యలో తొమ్మిది వందలు పెట్టి చూడాలి, టైము మూడు దాటి ఐదు నిమిషాలు, నాలుగింటికి ఆట మొదలుపెట్టాలి, అక్కడ మా పిన్నికి ఈపాటికి కంటి కట్టు విప్పుతూ ఉంటారు. విప్పారో లేదో. విప్పగానే మెసేజ్ పెడతానంది చెల్లెలు, అంటే పిన్ని కూతురు, పెట్టలేదంటే ఇంకా విప్పలేదనే అనుకోవాలి, వేరే ఏదీ అనుకోకూడదు, అనుకోకూడదని అనుకోవడం కూడా అనుకోవడమే కదా, ఛీ, ముందు ఈ అంకె సంగతి చూడు. ఎడమ కన్ను ఎలాగూ పోయింది. షుగరు తినేసింది. కుడి కంటికి ఆపరేషన్ చేసి ఆరు రోజులైంది, ఎంత చూపు మిగిలిందో కట్టు విప్పితే గానీ చెప్పలేమన్నాడు డాక్టరు. కట్టు విప్పాక మొదట ఏం చూస్తావమ్మా అని చెల్లెలు అడిగితే పిన్ని కూతురి ముఖం అనలేదు, నాలుగింటికి దాన్ని ఆడమను, ఆగకుండా ఒక్కసారి చూడాలి, అందట. దాన్ని అంటే నన్ను. రోజూ సాయంత్రం నాలుగింటికి నేను కంప్యూటర్ ముందు కూర్చుని ఆటలు ఆడుతూ కబుర్లు చెబుతుంటే ఎక్కడెక్కడివాళ్లో మూడు నాలుగు వందల మంది లైవ్‌లో చూస్తారు. వాళ్లలో మా పిన్ని కూడా ఉండేదని నాకు ఆరు రోజుల కిందటిదాకా తెలియదు.

ఈ అంకెని బిట్‌రేట్ అంటారు. సెకనుకి ఎంత బొమ్మ పంపిస్తున్నామన్న లెక్క, అంతే, బ్రహ్మవిద్యేమీ కాదు. ఎక్కువ పంపితే వెంట్రుకలు లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంటుంది, కాకపోతే అవతలివాళ్ల నెట్టు దాన్ని మింగగలగాలి, సన్న గొట్టంలోకి బకెట్టు నీళ్లు కుమ్మరిస్తే ఎన్ని దిగుతాయి? పెద్ద ఛానెళ్లకయితే యాప్ వాళ్లే ఒక బొమ్మని నాలుగు సైజులు చేసి పెడతారు, చూసేవాళ్లు తమ నెట్టుకి తగ్గది ఎంచుకుంటారు. నాలాంటి చిన్నవాళ్లకి ఆ భాగ్యం లేదు, నేను ఏది పంపితే అందరికీ అదే. ఇది నాకు తెలియక చేసింది కాదు. నా చాట్‌లో గొడవలు రాకుండా చూసే పెద్దాయన ఒకాయన ఉన్నాడు, నిజంగా ఏం ఉద్యోగమో తెలియదు గానీ ఆ క్రమశిక్షణ చూసి అందరూ హెడ్మాస్టారు అంటారు, ఆయన ఏడాది కిందటే చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. "ఎనిమిది వేలు మరీ ఎక్కువమ్మా. రెండున్నర వేలకి దించండి, సైజు కూడా ఒక మెట్టు తగ్గించండి. అందరికీ మీలాంటి నెట్టు ఉండదు." వింటేనా! పార్సిల్ ఆఫీసులో రెండేళ్లు పొద్దుటి షిఫ్టు చేసి, అట్టపెట్టెల అంచులు కోసుకుని వేళ్లు గీతలు పడి, అప్పుడు కొన్నాను కంప్యూటర్‌కి కొత్త గ్రాఫిక్స్ కార్డు, కొత్త కెమెరా, కొత్త నెట్టు కనెక్షను. కొన్నది చూపించుకోకపోతే ఎలా? సైజు వెయ్యిన్నీ ఎనభై, సెకనుకి అరవై ఫ్రేములు, బిట్‌రేట్ ఎనిమిది వేలు, అన్నీ పైకి, ఎంత పైకి పోతే అంత పైకి. నా తెర మీద చూసుకుంటే గడ్డిపరక ఊగడం కూడా కనబడేది. నా తెర మీద! అది నా గది దాటి బయటికి పోని బొమ్మ, అది ఆగమన్నా ఆగదు. దాన్ని చూసుకుని నేను మురిసిపోయేదాన్ని. కళ్లు నెత్తికెక్కడం అంటే ఇంతకంటే వేరే ఏముంటుంది?

తొమ్మిది వందలు. పెట్టాను. సైజు నాలుగు వందల ఎనభై నుంచి మూడు వందల అరవైకి. ఫ్రేములు అరవై నుంచి ముప్ఫై. ఇప్పుడు పాత ఫోను పట్టుకుని మెట్ల కిందికి పోవాలి. మా అపార్ట్‌మెంట్‌లో మెట్ల కింద చీపుళ్లు, రంగు డబ్బాలు పెట్టే గది ఒకటి ఉంది, అక్కడ సిగ్నల్ ఒక్క గీతే వస్తుంది, ఒక్కోసారి అదీ రాదు. పిన్ని ఇంట్లో వంటగది కిటికీ దగ్గర వచ్చేది కూడా ఒక్క గీతే, కట్టు విప్పే ఆస్పత్రిలోనూ అంతేనని చెల్లెలు చెప్పింది కాబట్టి నాలుగు రోజుల నుంచి ఇదే నా పరీక్ష గది. పైన గదిలో ఎవరికీ కనబడకుండా ఉత్తుత్తి లైవ్ పెట్టి, కిందికి దిగొచ్చి, బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, పాత ఫోనులో నా ఖాళీ కుర్చీని చూస్తూ ఉంటాను. నిన్న వాచ్‌మన్ తలుపు తీసి చూసి ఉలిక్కిపడ్డాడు. "ఏంటమ్మా ఇక్కడ?" "సిగ్నల్ కోసం." "సిగ్నల్ కావాలంటే డాబా మీదకి పోవాలమ్మా, ఇక్కడేం వస్తుంది!" "రాకూడదనే వచ్చాను." పాపం వాడు, ఈవిడకేదో అయిందనుకుని తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయాడు.

ఖాళీ కుర్చీ. కుర్చీ వెనక కర్టెను ఫ్యాను గాలికి కదులుతోంది, కదులుతోంది, కదులుతోంది, ఆగలేదు. ఇంకో నిమిషం చూద్దాం. చిన్న బొమ్మయినా పరవాలేదు, కదిలే బొమ్మ కావాలి. పిన్ని షాపులో నాలుగో టీవీ ఇంతకంటే ఘోరంగా ఉండేది. పిన్నికి వీడియో గేముల షాపు ఉండేది, ఇరుకు వీధిలో, సైకిల్ రిపేరు కొట్టుకీ జిరాక్స్ కొట్టుకీ మధ్య, ఒకే గది, నాలుగు టీవీలు, నాలుగు చెక్క స్టూళ్లు, టేపు చుట్టిన వైర్లు, కౌంటర్ మీద అలారం గడియారం, అరగంట అయితే అది మోగేది, మోగగానే పిన్ని "లేవండి నాన్నా, కళ్లు పోతాయి" అనేది. కళ్లు పోతాయి. అందరి కళ్ల గురించీ చెప్పిన మనిషి. ఊరంతా కౌంటరక్క అని పిలిచేవాళ్లు. నాలుగో టీవీకి కింది పావుభాగం చచ్చిపోయింది, అక్కడ బొమ్మ ఉండదు, నల్లటి పట్టీ, అందుకని ఎవరూ కూర్చునేవాళ్లు కాదు, అందుకని అది నాది. బడి వదలగానే సంచీ స్టూలు కింద పడేసి దాని ముందు కూర్చునేదాన్ని. లాంతరు పట్టుకుని పరిగెత్తే ముసలాడి ఆట ఉండేది, గోతులు దాటుకుంటూ కొండ మీది ఇల్లు చేరాలి. గోతులన్నీ తెర అడుగునే కదా ఉంటాయి, నా టీవీలో అడుగే లేదు! ముసలాడు నల్లటి పట్టీలో పడి చచ్చిపోతూనే ఉండేవాడు. అప్పుడు పిన్ని, నాకు వీపు పెట్టి కౌంటర్ దగ్గర ఎవడిదో రిమోట్ విప్పుకుంటూ, వెనక్కి కూడా చూడకుండా, "దూకు" అనేది. నేను దూకేదాన్ని. ముసలాడు బతికేవాడు. "చూడకుండా ఎలా చెప్పావు పిన్నీ?" "చెవులున్నాయి కదే." గొయ్యి దగ్గరికి వస్తే పాట సన్నబడి గాలి హోరు వినిపిస్తుందట, హోరు మొదలైన తరవాత ఒక అడుగు వేసి దూకాలట. నాకు పదేళ్లు, నాకది మంత్రంలా ఉండేది. ఆ ఆట సగం నేను ఆడాను, సగం పిన్ని నోటితో ఆడింది.

ఆగింది. లేదు, కర్టెనే కదలడం మానేసింది, ఇదిగో మళ్లీ. అమ్మయ్య. తొమ్మిది వందలు నిలబడేట్టే ఉంది, ఇంకా కాస్త దించి ఎనిమిదొందల యాభై పెడతాను, మనసుకి ధైర్యం. పైకి పోదాం. మెట్లు. మూడు పదిహేడు. ఫోను చూడకు, మోగితే మోగుతుంది. చూశాను, ఏమీ లేదు. కట్టు విప్పడానికి ఎంతసేపు పడుతుంది? ముందు టేపు తీస్తారు, తరవాత దూది, తరవాత కన్ను తుడుస్తారు, చుక్కలు వేస్తారు, నెమ్మదిగా తెరవమంటారు, వేళ్లు చూపించి ఎన్ని అంటారు. ఎన్ని అంటారు? రెండు అను పిన్నీ. ఎన్ని చూపిస్తే అన్ని చెప్పు. నేనక్కడ ఉండాల్సింది. వస్తానన్నాను, ఆపరేషన్ రోజే రైలెక్కుతానన్నాను. "వచ్చి ఏం చేస్తుంది, నా కట్టు చూస్తుందా? కట్టు విప్పిన రోజు ఆట ఆడమను, తరవాత రమ్మను," అంది పిన్ని. రేపటికి టికెట్ తీశాను, పదకొండు గంటల ప్రయాణం. నన్ను రావద్దన్నది ప్రేమతోనో కోపంతోనో తెలియట్లేదు. కోపమైనా నాకు అభ్యంతరం లేదు, నాలుగు తిట్టినా బాగుండును.

షాపు మూసే రోజుల్లో ఫోను చేసింది. రెండేళ్లు కాలేదు ఇంకా. ఎవరి చేతిలో చూసినా ఫోనే, షాపుకి ఎవరొస్తారు, అలారం మోగడానికి అరగంట కూర్చునేవాళ్లే లేరు. "షాపు నువ్వు తీసుకోరాదూ? నీ లైవులో ఏవో ఇక్కణ్ణించే పెట్టుకో. పిల్లలొస్తారు, చూస్తారు," అంది. నేను ఏం అన్నాను? గుర్తులేదని చెప్పుకోవడానికి కూడా లేదు, మాట మాటా గుర్తుంది. నవ్వాను. "ఆ డబ్బా టీవీలు ఇప్పుడెవరు చూస్తారు పిన్నీ, తూకానికి అమ్మెయ్," అన్నాను. పిన్ని "సరేలే, అన్నం తిన్నావా," అంది. అంతే. మూడు టీవీలు నిజంగానే తూకానికి అమ్మేసిందట, నాలుగోది మాత్రం ఇంటికి తెచ్చుకుని మంచం పక్కన పెట్టుకుందట. తరవాత ఫోన్లు తగ్గాయి. ఆవిడ చేస్తుందిలే అని నేను, అది చేస్తుందిలే అని ఆవిడ. పిన్ని అలిగిందని నాకు తెలుసు, తెలిసీ ఊరుకున్నాను, పెద్దదానివి కదా నువ్వే చెయ్యి అన్నట్టు. నన్ను ఎత్తుకుని పెంచిన మనిషితో నాకు పంతమేమిటి?

అలర్టులు తీసెయ్. ఎవరైనా కొత్తవాళ్లు చేరగానే గంటలు మోగుతూ రంగు కాగితాలు రాలతాయి నా తెర మీద, అవన్నీ బొమ్మని తింటాయి, కాగితం ముక్కలు గాల్లో ఎగరడం కంటే కష్టమైన బొమ్మ లేదు ఈ మిషన్లకి. తీసేశాను. మూలన మెరిసే నా పేరు, తీసేశాను. నా ముఖం ఉండే డబ్బా మూలన చిన్నదిగా ఉంటుంది, ఇంత చిన్న సైజులో అది తపాలా బిళ్లంత అయిపోతుంది, దాన్ని పెద్దది చేయాలి. ఆటకి అడ్డం వస్తుంది, రానీ. పిన్ని చూసేది ఆట ఒక్కటే కాదని చెల్లెలు చెప్పింది. "నీ ముఖం చిక్కిందంటుంది అక్కా. అదీ ఆగిపోయిన బొమ్మలోనే చూసి." ఆగిపోయిన బొమ్మలో నేను ఎలా ఉండేదాన్నో, నోరు తెరుచుకునో, కళ్లు సగం మూసుకునో. తరవాత ఆలస్యం సంగతి. నేను చేసింది వాళ్లకి వెంటనే కనబడదు, తక్కువ ఆలస్యం పెడితే మూడు నాలుగు సెకన్లు, కానీ సన్న నెట్టులో అది తెగుతుంది. ఎక్కువ ఆలస్యం పెడితే పదిహేను సెకన్లు వెనక నడుస్తుంది గానీ తెగదు. ఎక్కువే పెట్టాను. ఆలస్యమైనా అందాలి. అలవాటు ప్రకారం అన్నీ ఆలస్యంగానే చేస్తున్నాను కదా, ఇదొకటి.

పాత టీవీ. ఆ పేరుతో వచ్చింది చాట్‌లోకి, మూడు నెలల కిందట. "బొమ్మ ఆగింది," మొదటి మాట. కొంచెం ఆగి, "మీకెవరికైనా ఆగిందా, నాకేనా?" నా తెర చూసుకున్నాను, గడ్డిపరకలు ఊగుతున్నాయి. పాత టీవీ అని పేరు పెట్టుకుని నా బొమ్మకి వంక పెడుతున్నాడేమిటి వీడు, అనుకున్నాను. వీడు! మర్నాడు మళ్లీ, నాలుగూ ఐదుకి, "బొమ్మ ఆగింది. అందరికీ ఆగిందా, నాకేనా?" ఆ మర్నాడూ అదే. ఒళ్లు మండిపోయింది. హెడ్మాస్టారు పాపం "వారి నెట్టు పల్చగా ఉండొచ్చమ్మా, ఒకసారి దించి చూడండి" అని రాశాడు. నేను మైకు దగ్గరికి లాక్కుని, గొంతు సాగదీసి, "అందరికీ అద్దంలా ఉందండీ పాత టీవీ గారూ! తమరు కళ్లజోడు మార్చుకోండి, లేకపోతే కళ్లే చూపించుకోండి!" అన్నాను. చాట్ నిండా నవ్వులు. అంత నవ్వు నాకు అంతకుముందు ఎప్పుడూ రాలేదు. ఇంకేం, రోజూ అదే, పాత టీవీ "బొమ్మ ఆగింది" అనడం, వందమంది "కళ్లజోడు! కళ్లజోడు!" అనడం, నేను పొట్ట పట్టుకుని నవ్వడం. ఒకరోజు పాత టీవీ "నిజంగా అందరికీ బాగా వస్తోందా? సరే అయితే," అని రాసింది. ఆ రోజు నేను దాన్ని పైకి చదివి కూడా వినిపించాను, వెటకారంగా. పద్దెనిమిదో రోజునో ఇరవయ్యో రోజునో విసుగేసి బ్లాక్ చేశాను. ఒక్క నొక్కు. ఎలుకని బయటికి తోలినట్టు అనిపించింది.

ఆరు రోజుల కిందట, ఆపరేషన్‌కి ముందు, ఆస్పత్రి వరండాలోంచి చెల్లెలు ఫోను చేసింది. ఏడాదిన్నర తరవాత ఫోను చేసి అది అడిగిన మొదటి మాట, "అక్కా, పాత టీవీని ఎందుకు తీసేశావ్?" నాకు అర్థం కాలేదు, నవ్వుతూ, "ఏ పాత టీవీ? ఆ కళ్లజోడు మనిషా?" అన్నాను. అది ఏడ్చింది. ఏడుస్తూనే చెప్పింది. కళ్లు పోతున్నాయని డాక్టరు చెప్పాక, ఉన్నన్నాళ్లు దాని ఆట చూస్తానని పిన్ని కూతురి చేత యాప్ పెట్టించుకుని పాత టీవీ అని పేరు పెట్టుకుందట. కళ్ల సంగతి నాకు చెప్పొద్దందట, "తెలిస్తే దానికి ఆట పాడవుతుంది" అని. రోజూ వంటగది కిటికీ దగ్గర ఫోను ఎత్తి పట్టుకుని నిలబడేదట. బొమ్మ ఆగేది. ఆగింది నెట్టా, తన కన్నా? అది తెలియలేదు పిన్నికి. నీళ్లలోంచి చూసినట్టు అప్పటికే అన్నీ చెదిరి కనబడుతున్నాయి, ఇది కూడా కన్ను చేసే పనేనేమో, కదిలేవాటిని కన్ను పట్టుకోలేకపోతోందేమో అని భయమేసిందట. అందుకని అడిగింది. మీకెవరికైనా ఆగిందా, నాకేనా అని. భయంతో అడిగింది. దానికి నేను, నా నోటితో, అందరికీ అద్దంలా ఉందండీ, కళ్లు చూపించుకోండి అన్నాను. నమ్మింది. నా మాట నమ్మకపోతే ఇంకెవరి మాట నమ్ముతుంది? కన్ను అయిపోయిందే అని కూతురితో చెప్పి, ఇంక డాక్టరు దగ్గరికి కూడా ఎందుకులే అని నెల్లాళ్లు వెళ్లలేదట. బలవంతాన తీసుకెళితే, కుడి కన్ను ఇంకా పనిచేస్తోందమ్మా, కాస్త ముందు రావాల్సింది, అన్నాడట డాక్టరు. ఇంటికొచ్చి చెల్లెలు ఆ ఫోను లాక్కుని చూస్తే తనకీ ఆగింది. "అమ్మా, నీ కన్ను కాదే, ఇది నెట్టు!" అంటే పిన్ని ఎంత సంతోషపడిందో అక్కా, అంది చెల్లెలు, వెంటనే నీకు రాయబోయింది, నాకేం కాలేదు నెట్టే అని. రాయబోతే రాయనివ్వలేదు యాప్. అప్పటికి నేను బ్లాక్ చేసి రెండు వారాలైంది.

మూడు నలభై రెండు. బ్లాక్ ఆరోజే తీసేశాను. తీయడం కూడా ఒక్క నొక్కే. నెల్లాళ్లు. ముందు రావాల్సింది. ముందు వస్తే ఏమయ్యేదని చెల్లెల్ని అడగలేదు, అడిగే ధైర్యం లేదు, అది కూడా తనంతట తాను చెప్పలేదు. నా మాట వల్లే కాదు, షుగరు, వయసు, ఆ ఎడమ కన్ను ముందే పోయింది కదా అని రోజుకి వందసార్లు చెప్పుకుంటున్నాను, చెప్పుకున్న ప్రతిసారీ నా గొంతే వినిపిస్తోంది, సాగదీసిన గొంతు, అద్దంలా ఉందండీ. ఎనిమిది వేలు రెండున్నర వేలు చేస్తే పోయేదేముంది? గడ్డి ఊగేది కాదు. గడ్డి ఊగకపోతే ఏడ్చేదెవరు? నిన్న హెడ్మాస్టారికి రాశాను, మీరు చెప్పినప్పుడు వినాల్సిందండీ అని. ఆయన "ఇప్పుడు విన్నారుగా," అని మాత్రం రాశాడు. అందులో మందలింపు లేదు, ఉంటే కాస్త తేలిగ్గా ఉండేది.

మూడు యాభై. ఫోను మోగలేదు. ముసలాడి ఆట తెరిచాను, వెతికి వెతికి పట్టుకున్నాను, అదే పాట, అదే లాంతరు, ఇప్పుడు అడుగు భాగం కూడా కనబడుతోంది, గోతులన్నీ ఇంత చిన్నవా! పదేళ్లప్పుడు నల్లటి పట్టీ కింద పాతాళం ఉందనుకునేదాన్ని. నీళ్లు తాగు. చేతులు తుడుచుకో. పిన్నికి కనబడాలి. చెదిరినా సరే, మసగ్గా అయినా సరే, లాంతరు వెలుగు కదిలినట్టు తెలిస్తే చాలు, నా ముఖం పిండిముద్దలా తెలిసినా చాలు. ఒక్కసారి ఆగకుండా చూపించనీ. నాలుగు. నొక్కాను.

"నమస్కారం అండీ," నా గొంతు నాకే కొత్తగా ఉంది. జనం వస్తున్నారు, నూరు, నూట అరవై. చాట్ మొదలైంది. బొమ్మేంటి మేడమ్ ఇలా ఉంది. మూడు వందల అరవైయా? కెమెరా పోయిందా? ముఖం ఇంత పెద్దదేంటి? హెడ్మాస్టారు అడ్డంపడ్డాడు, "ఈ రోజుకి ఇలాగే ఉంటుంది, ఇష్టమున్నవాళ్లు చూడండి." వంద మంది దాకా వెళ్లిపోయినట్టున్నారు, అంకె దిగుతోంది, దిగనీ. ముసలాడు నడుస్తున్నాడు. నాలుగూ ఐదు. నా అలవాటు కొద్దీ చాట్ వైపే చూస్తున్నాను, రోజూ ఆ టైముకే కదా వచ్చేది. వచ్చింది. పాత టీవీ. "బొమ్మ ఆగట్లేదు."

అరిచాను అనుకుంటాను. కుర్చీలోంచి లేచాను, హెడ్‌ఫోన్ వైరు ఊడి పడింది, చూసిందిరా, కనబడింది, ఆగట్లేదు అంది, అంటే కదులుతోంది, కదులుతున్నట్టు తెలుస్తోంది! చాట్‌లో వాళ్లకేమీ అర్థం కాలేదు, ఎవరో "కళ్లజోడు మార్చినట్టున్నారు" అన్నారు, నవ్వొచ్చింది నాకు, ఏడుపు కూడా. అప్పుడు బల్ల మీద ఫోను వెలిగింది. చెల్లెలు. "కట్టు విప్పారక్కా. వెలుగూ చీకటీ తెలుస్తున్నాయంతే. బొమ్మ తెలియట్లేదు. ఫోను చెవి దగ్గర పెట్టుకుని కూర్చుంది. శబ్దం తెగట్లేదుగా, అంటే బొమ్మ కూడా ఆగట్లేదన్నమాట, రాయవే, దానికి సంతోషంగా ఉంటుంది, అంది. రాశాను."

చదివాను. మళ్లీ చదివాను. ముసలాడు నడుస్తూనే ఉన్నాడు, నా బొటనవేలు దానంతట అదే నొక్కుతోంది. మూలన నా ముఖం ఎంత పెద్దదిగా పెట్టానో చూడు. ఎవరి కోసం పెట్టాను? నాలుగు రోజులు బకెట్టు మీద కూర్చుని ఏం సాధించాను? చూపు ఉన్నప్పుడు ఆగిన బొమ్మ, బొమ్మ ఆగనప్పుడు చూపు లేదు. నన్ను చూడు పిన్నీ అనడానికి కూడా ముఖం చెల్లదు. గాలి హోరు వినిపించింది, గొయ్యి, దూకేశాను, అవతల పడ్డాను, అలవాటు. నడుస్తున్నాను. ఏదో ఒకటి మాట్లాడాలి కదా, శబ్దం తెగకూడదు కదా. అప్పుడు చాట్‌లో, ఎప్పుడో దాటేసిన గొయ్యికి, పాత టీవీ దగ్గర్నుంచి ఒక్క మాట వచ్చింది. "దూకు."

హోరు విన్నది. పదిహేను సెకన్ల వెనక, అక్కడ, ఫోను చెవికి ఆనించుకుని, ఇప్పుడు విన్నది. కూతురి చేత రాయించింది. నేను దాటేశానని తెలియదు, పడతానని భయం. మా పిన్నికి నేనింకా నాలుగో టీవీ ముందే కూర్చుని ఉన్నాను, కింది పావుభాగం నాకు కనబడట్లేదు.

రెండో గొయ్యి. పాట సన్నబడింది. హోరు మొదలైంది. ఒక అడుగు వేసి ఆపేశాను. ముసలాడు అంచున లాంతరు పట్టుకుని నిలబడ్డాడు. నేను బొటనవేలు తీసి ఒళ్లో పెట్టుకున్నాను. మైకు ముందు ఊపిరి కూడా గట్టిగా తీయలేదు, హోరు స్పష్టంగా వెళ్లాలి. ఒకటి, రెండు, మూడు. పదిహేను. పద్దెనిమిది. మేడమ్, దూకండి, అన్నారెవరో. మేడమ్? బొమ్మ ఆగింది. నాకూ ఆగింది. అందరికీ ఆగిందా, నాకేనా? కళ్లజోడు! కళ్లజోడు! ఇరవై రెండు. హెడ్మాస్టారు, "ఆగలేదు, ఆవిడే ఆగారు. కాసేపు మాట్లాడకండి," అని రాశాడు. చాట్ ఆగిపోయింది. ఇరవై ఐదు. ఇరవై ఆరు. కెమెరాలో నా ముఖం కూడా కదలడం లేదు, ఒక్క కళ్ల కింద తడి తప్ప. ఇరవై ఎనిమిది. ముప్ఫై. తప్పయిపోయింది పిన్నీ, అన్నాను, మైకులోకే, అందరి ముందరే. ముప్ఫై ఒకటి.

పాత టీవీ: "దూకవే."

దూకాను.